మూడు గళ్ళు

వెర్మాంట్‌లో ఏప్రిల్ అంటే బురద.
రోడ్డు వార ఉప్పు తిన్న మంచు
నల్లబడి, కరగడానికి బద్ధకిస్తోంది.
జిమ్ము గుమ్మంలో మడతబల్ల,
బల్ల మీద పిన్నీసుల డబ్బా,
డబ్బా వెనక శ్రీమతి లబౌంటీ,
వేళ్ళు కత్తిరించిన ఉన్ని గ్లౌజుల్లో పెన్ను.

"ఎ నా, బి నా, సి నా?"
తల ఎత్తకుండానే అడిగింది.

కాగితం మీద మూడు గళ్ళు,
ఒక్కోటీ నా చిటికెన గోరంత.

సి లో మూడు వారాలుగా నేనే రాణిని.
ఇరవై అయిదు నిమిషాల పందెం,
పదకొండు మంది అమ్మాయిలం,
వాళ్ళలో నలుగురికి గేరు మార్చాలంటే ఇంకా గుండె దడ.
మొదటి వారం గెలిచి అరిచాను.
రెండో వారం చెయ్యెత్తాను.
మూడో వారం
గీత దాటి, నీళ్ళు తాగి,
వెనక ఎవరొస్తారా అని చూస్తూ నించున్నాను.
చాలాసేపు నించున్నాను.

చివర వచ్చింది ఓర్లా పెటిట్,
రాళ్ళ చదువు చదివే మొదటేడు పిల్ల,
అన్న సైకిలు, అందీ అందని సీటు.
ఒక చుట్టు తక్కువకే ఆపేశారు తనని,
నేను మరీ ముందుకు పోయినందుకు.
"ఇంకొక్క చుట్టు ఉండనిస్తే..."
నాతో కాదు అన్నది.
వినపడింది మాత్రం నాకే.

విన్నీ ట్రాస్క్ కథ ఇంకోలాంటిది.
స్కీయింగ్ జట్టు నుంచి వచ్చింది,
అవి ఊపిరితిత్తులు కావు, కొలిమితిత్తులు.
కొడితే కుంభస్థలమే అనుకుని నేరుగా ఎ లో దిగింది.
కాళ్ళున్నాయి, మలుపుల్లేవు.
మోచెయ్యి మోచేతికి రాసుకునే గుంపులో
బలంతో ఏం పని?
రెండో మలుపులో బెదిరి బ్రేకు నొక్కింది,
వెనకున్న ఇద్దరు గడ్డిలో దొర్లారు.
ఒకామె భుజం ఎముక విరిగిన చప్పుడు
విన్నీకి ఇప్పటికీ నిద్రలో వినపడుతుందట.
ఇప్పుడు సి లో నా పక్కన
మలుపులు నేర్చుకుంటోంది, సిగ్గుపడకుండా.
దిగడం తెలిసిన మనిషి.
నాకు ఎక్కడమే తెలియలేదు.

గెలుస్తున్నవాళ్ళు పైకి వెళ్ళాలని రూలుంది.
కానీ ఆడపిల్లల పందేల్లో జనమే తక్కువ,
ఎవరూ గట్టిగా అడగరు.
అడగరు కదా అని ఎన్నాళ్ళు?
గెలుపు రుచి మరిగిన నాలుకకి
తనంతట తనుగా వద్దనడం రాదు.

"అమ్మాయ్, వెనక లైనుంది."

బి గడిలో టిక్కు పెట్టాను.
పెన్ను చలికి సరిగ్గా రాయలేదు,
రెండుసార్లు దిద్దాల్సొచ్చింది.

సి పందెం నేను లేకుండా జరిగింది.
పార్కింగ్‌లో టైర్లకి గాలి కొడుతుంటే
ఎవరో గెలిచి అరిచిన అరుపు.
ఆ అరుపు నాది కదా అని
కొంచెం కుళ్ళుకున్నాను. అబద్ధం ఎందుకు.

బి లో మాటల్లేవు.
అందరి పిక్కలూ మౌనంగా ఉన్నాయి.
నాలుగు చుట్లు ముందు చక్రాన్ని పట్టుకుని వేలాడాను.
అయిదో చుట్టులో, గ్రంథాలయం ఎత్తు మీద,
సూదిలోంచి జారిన దారంలా
చేయి చాచేంత దూరం,
తర్వాత కారంత,
తర్వాత కేవలం గాలి.
ఇన్నాళ్ళూ ఎవరి వెనకో దాక్కోని నేను
గాలి ఇంత బరువని ఇవాళే తూచాను.

ఎనిమిదో చుట్టులో
గ్లౌజు చెయ్యొకటి అడ్డంగా లేచింది.
చాలు, పక్కకి రా.

నోరు తెరిచాను, ఊపిరి కోసమనుకున్నాను.
"ఇంకొక్క చుట్టు..." అని వచ్చింది మాట.

"వచ్చే ఆదివారం," అంది లబౌంటీ,
పెన్ను చెవి వెనక దోపుకుంటూ.

కంచె దగ్గర ఓర్లా, మూతికి చాక్లెట్ పాల మీసం,
వీపున నంబరు ఇంకా తియ్యలేదు.
ఎన్నోదానివని అడగలేదు నేను.
తనే చెప్పింది, ఎన్ని చుట్లో.